పదాలు వేలు.. పలుకు కరువు!

ఎమ్మెస్ చదువుల కోసం ఇంగ్లిషు పరీక్షలు రాసే మన పిల్లలు ఇంకా పదాల జాబితాలతోనే కుస్తీ పడుతున్నారు. పరీక్షేమో సంభాషణ వైపు జరిగిపోయింది.

సాయంత్రం ఏడు దాటింది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు. హాస్టల్ మేడ మీద ఆరేసిన బట్టల మధ్య చాప వేసుకుని ఇద్దరు కుర్రాళ్లు కూర్చున్నారు. ఒకడి చేతిలో రింగుకు గుచ్చిన అట్టముక్కల కట్ట. 'గారులస్' అంటాడు. 'వాగుడుకాయ' అని రెండోవాడు టక్కున అందుకుంటాడు. 'లాకోనిక్?' 'మితభాషి.' 'అబ్‌స్టినేట్?' 'మొండి.' కట్ట సగం తిరిగేసరికి తప్పింది రెండు మాటలే. ఆ ఊపులోనే ఫోను తీసి మాక్ టెస్టు పెడతారు. 'మీ మీద ప్రభావం చూపిన ఉపాధ్యాయుడి గురించి చెప్పండి' అంటుంది ఫోను. నలభై అయిదు సెకన్లు. 'మై మ్యాథ్స్ సార్... హీ ఈజ్ వెరీ గుడ్... హీ టాక్స్ వెరీ... హీ ఈజ్ వెరీ గుడ్...' సగం సమయం మిగిలి ఉండగానే మాట ఆగిపోతుంది. ఆ సారు క్లాసులో మొదలెడితే గంట కొట్టినా ఆపడట. ఆ సంగతి చెప్పడానికి పనికొచ్చే మాట అయిదు నిమిషాల కిందట అట్టముక్క మీద చూసిందే. నోటికి మాత్రం రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా, విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరైనా, కోచింగ్ సెంటర్లున్న ఏ వీధిలోనైనా ఈ దృశ్యం మామూలే. ఇప్పుడు దీని గురించి చెప్పుకోవాల్సి రావడానికి కారణం ఉంది. 2026 జనవరి 21 నుంచి, విదేశీ చదువులకు రాసే టోఫెల్ ఇంగ్లిషు పరీక్ష రూపం మారింది. స్పీకింగ్ విభాగంలో ఇప్పుడు రెండే పనులు. మొదటిది, విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి చెప్పడం. రెండోది ఇంటర్వ్యూ. అందులో ప్రశ్న వినపడగానే జవాబు మొదలుపెట్టాలి, ఒక్కో జవాబుకు 45 సెకన్లు. అంతకుముందు సిద్ధం కావడానికి 15 నుంచి 30 సెకన్ల దాకా ఇచ్చేవారు. ఆ కాస్త వ్యవధిలోనే బట్టీ పట్టిన మూసను గుర్తు చేసుకుని, ఖాళీల్లో ప్రశ్నకు తగ్గ మాటలు నింపి గట్టెక్కినవాళ్లు ఎందరో. ఇప్పుడా వ్యవధి లేదు. పరీక్ష మారినా సన్నాహం మారలేదు. పదాన్ని విడిగా తీసి, పక్కన తెలుగు అర్థం రాసి, రోజుకు ఇన్ని అని మింగే పద్ధతి ఇంకా రాజ్యమేలుతోంది. పదం నేర్చుకోవడానికీ మాట్లాడటానికీ మధ్య మనం కట్టుకున్న గోడే అసలు సమస్య. ముందు పదాలు, ఆ తర్వాత పరీక్షకు రెండు వారాల ముందు స్పీకింగ్ అనే ఈ వరస తప్పు. పదాలు సంభాషణలోనే నేర్చుకోవాలి.

జాబితాకు ఒక కాలం ఉండేది

జాబితాల మీద ఈ మోజు ఊరికే పుట్టలేదు. ఎమ్మెస్ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈలో ఒకప్పుడు వ్యతిరేక పదాలు, సామ్య పదాల జంటలు అడిగేవారు. మాట ఒంటరిగా వచ్చేది, దాని అర్థం తెలిస్తే మార్కు. అలాంటి పరీక్షకు బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితా సరిగ్గా సరిపోయేది. అన్న చదివిన పుస్తకం తమ్ముడికి, అతని దగ్గర నుంచి హాస్టల్లో జూనియర్‌కు చేరేది. మార్జిన్లలో పెన్సిలుతో రాసిన తెలుగు అర్థాలతో సహా. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలన్నీ తీసేశారు. వాటి బదులు పేరాలో ఖాళీలు పూరించడం, వాక్యం అర్థం చెడకుండా సరిపోయే రెండు మాటలు ఎంచడం వచ్చాయి. అంటే మాట ఒంటరిగా రావడం పోయి, వాక్యంతో కలిసి రావడం మొదలై పదిహేనేళ్లు కావస్తోంది. జాబితాలు మాత్రం కొత్త అట్టలతో, యాప్‌లతో అలాగే తిరుగుతున్నాయి. అమ్మడానికి జాబితాంత వీలైన సరుకు మరొకటి లేదు మరి. వెయ్యి మాటలంటే లెక్క తేలుతుంది, నలభై రోజుల్లో పూర్తని బోర్డు పెట్టుకోవచ్చు. మాట్లాడటం వచ్చిందా లేదా అన్నదానికి అలాంటి లెక్క కుదరదు.

పరీక్ష పెట్టేవాళ్లు ఊరికే మార్చలేదు. 2002లో చైనా, తైవాన్, దక్షిణ కొరియాల్లో కంప్యూటర్ జీఆర్‌ఈని ఆపేసి మళ్లీ కాగితం పరీక్షకు వెళ్లాల్సి వచ్చింది. రాసి వచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలను ఇంటర్నెట్‌లో పెట్టేస్తే తర్వాతివాళ్లు అవే బట్టీ కొట్టుకుని వెళ్లడం మొదలైంది. కంఠస్థం చేసిన దాన్ని పట్టుకోవడమే అప్పటి నుంచీ పరీక్ష తయారీదారులకు పెద్ద పని. మరో ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ బ్యాండ్ల (స్థాయిల) నిర్వచనాలు చూస్తే, కంఠస్థం చేసిన మాటలు అన్న ప్రస్తావన అట్టడుగు బ్యాండ్లలో కనిపిస్తుంది. 'దేర్ ఆర్ సెవరల్ రీజన్స్ ఫర్ మై ఒపీనియన్' అని అనర్గళంగా మొదలుపెట్టి, రెండో వాక్యంలో తడబడే గొంతు ఎవరికైనా తెలిసిపోతుంది.

బాక్స్: పరీక్షల చిట్టా

> జీఆర్‌ఈ: 1936లో ప్రయోగంగా మొదలైంది. 2023 సెప్టెంబరు నుంచి మొత్తం పరీక్ష గంటా 58 నిమిషాలే. వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు.
>
> టోఫెల్: మొదటి పరీక్ష 1964లో. మాట్లాడటం తప్పనిసరి అయింది 2005లో, ఇంటర్నెట్ పరీక్షతో. 2026 నుంచి స్కోరు 1–6 కొలతలో.
>
> ఐఈఎల్‌టీఎస్: 1989 నుంచి. స్పీకింగ్ మనిషితోనే, 11–14 నిమిషాలు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలకూ సమాన విలువ.

అమరం వల్లించిన తాతలు

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వల్లె వేయడం మన రక్తంలోనే ఉంది, అమరకోశం వల్లించినవాళ్లు పండితులు కాలేదా అని. అయ్యారు. అమరకోశం కూడా ఒక రకంగా సంస్కృత పదాల జాబితాయే. అయితే దాని అమరిక చూడండి. మాటలు అక్షరక్రమంలో ఉండవు. స్వర్గం, కాలం, ఊరు, అడవి అంటూ విషయాలవారీగా, పద్యంలో, పర్యాయపదాలన్నీ ఒక్కచోట ఉంటాయి. పైగా ఆ చదువులో అమరంతో ఆపేవాళ్లు కాదు. దాని వెంటే రఘువంశం లాంటి కావ్యపాఠం ఉండేది. నిన్న వల్లించిన మాట రేపు శ్లోకంలో ఎదురయ్యేది. మనం వల్లె వేయడాన్ని మిగుల్చుకుని కావ్యాన్ని వదిలేశాం.

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ 1885లో అచ్చు వేసిన ప్రయోగాలు ఈ సందర్భంలో చెప్పుకోదగ్గవి. అర్థం లేని అక్షరాల గుంపులను తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలుచుకున్నాడు. ఒక రోజు తిరిగేసరికి శ్రమ ఫలంలో మూడో వంతు మాత్రమే మిగిలింది. ఆయన కావాలనే అర్థం లేనివి ఎంచుకున్నాడని గమనించాలి. పాత పరిచయాల ప్రభావం లేకుండా, దేనితోనూ ముడిపడని వాటితో జ్ఞాపకాన్ని కొలవాలన్నదే ఉద్దేశం. ఒక్క వాక్యంలోనైనా చూడకుండా, ఒక్కసారైనా పలకకుండా, 'ఓబ్‌స్ట్రెపరస్ అంటే అల్లరిచిల్లరిగా' అని రాసుకున్నవాడికి ఆ ఇంగ్లిషు మాట అర్థం లేని అక్షరాల గుంపుకంటే పెద్ద తేడాగా ఏమీ ఉండదు. మరిచిపోతే తప్పు అతని జ్ఞాపకశక్తిది కాదు.

జాబితా బొత్తిగా వద్దనడం లేదు. అలా అంటే అది మూర్ఖత్వమే. పేజీలో నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి ఉంటేనే ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవగలమని పాల్ నేషన్ వంటి పరిశోధకులు చెబుతారు. మామూలు ఇంగ్లిషు పుస్తకాలకు అందుకు ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మూలపదం, దాని రూపాలు) కావాలి. 2000లో ఏవరిల్ కాక్స్‌హెడ్ తయారు చేసిన విద్యావిషయక పదాల జాబితాలో ఉన్నవి 570 పద కుటుంబాలే, కానీ పాఠ్యగ్రంథాల్లో పదింట ఒక మాట వాటిలోదే. ఇలాంటి జాబితా ఏం నేర్చుకోవాలో చెబుతుంది. ఎలా నేర్చుకోవాలన్నది దాని పని కాదు.

'క్వాలిఫై' అంటే తెలియనిదెవరికి?

జీఆర్‌ఈ నిజంగా దెబ్బ తీసేది వింత మాటలతో కాదు, అందరికీ తెలిసిన మాటలతోనే. 'క్వాలిఫై' తెలియని విద్యార్థి మన దగ్గర ఉండడు. ఎంసెట్ నాటి నుంచీ ఇంట్లో వినిపిస్తున్న మాటే. అదే పరీక్షలో 'ఆమె ఆ సిద్ధాంతానికి క్వాలిఫైడ్ మద్దతు ఇచ్చింది' అని వస్తే, అర్హత గల మద్దతు అనుకుని తప్పు జవాబు పెడతారు. అక్కడ దాని భావం షరతులతో కూడిన, పరిమితమైన మద్దతు అని. అలాగే 'చెక్' అంటే అడ్డుకట్ట వేయడం, 'వాంట్' అంటే కొరత, 'ఫ్లాగ్' అంటే నీరసించడం. అట్టముక్క మీద ఒక మాటకు ఒకే అర్థం రాసుకున్నవాడికి ఇవి ఉచ్చులు. రెండు వాక్యాల్లో చూసి, మూడో వాక్యం తనే పుట్టించి పలికినవాడికి కావు.

ఏ మాట పక్కన ఏ మాట ఇమడుతుందన్నదీ అంతే. తెలుగులో ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది. ఎండ వీచదని మనకెవరూ సూత్రం చెప్పలేదు, జంటలుగా విన్నాం కాబట్టి జంటలుగానే వస్తాయి. ఇంగ్లిషులో జోరువాన 'హెవీ', ఈదురుగాలి 'స్ట్రాంగ్'. విడి మాటలు నేర్చుకున్నవాడు 'స్ట్రాంగ్ రెయిన్' అంటాడు. అర్థమవుతుంది, కానీ పరీక్షకుడి చెవికి వెంటనే తగులుతుంది.

పదహారేళ్లు విన్నారు, మాట్లాడలేదు

ఒకటో తరగతి నుంచి ఇంజినీరింగ్ దాకా ఇంగ్లిషు మాధ్యమమే చదివి 45 సెకన్లు మాట్లాడలేకపోవడం ఏమిటని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. కెనడాలో మెరిల్ స్వెయిన్ 1985లో సరిగ్గా ఇదే ప్రశ్న వేసింది. ఇంగ్లిషు ఇళ్ల పిల్లలు ఫ్రెంచి మాధ్యమంలో ఏళ్ల తరబడి చదివారు. వినడంలో, చదవడంలో ఫ్రెంచి పిల్లలతో ఇంచుమించు సమానంగా ఉన్నారు. మాటలో, రాతలో బాగా వెనకబడ్డారు. క్లాసులో వాళ్లు వినేదే తప్ప పెద్ద పెద్ద వాక్యాలు తామై చెప్పాల్సిన అవసరమే రాలేదని ఆమె తేల్చింది. వినేటప్పుడు వ్యాకరణం లేకపోయినా భావం పట్టేయొచ్చు. చెప్పేటప్పుడు క్రియ ఎక్కడ పెట్టాలో తేల్చుకోక తప్పదు.

మన క్లాసురూము ఇంకో మెట్టు దిగువన ఉంది. పాఠం బోర్డు మీద ఇంగ్లిషులో, వివరణ తెలుగులో, నోట్సు ఇంగ్లిషులో, సందేహం తెలుగులో. ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లిషు ల్యాబ్ ఉంటుంది. హెడ్‌ఫోన్లు ఉంటాయి, రికార్డు ఉంటుంది, చాలాచోట్ల రికార్డు రాయడంతోనే సరి. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24లో ఇంగ్లిషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ తెచ్చింది. మాట్లాడటానికి మార్కులున్నాయని అంతకుముందు తరాలకు తెలియనే తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంగ్లిషు మాధ్యమం జీవో వచ్చి, మరుసటి ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసేదాకా టీవీల్లో ఎంత రభస జరిగిందో తెలిసిందే. ఏ మాధ్యమం అని గొంతు చించుకున్నవాళ్లలో, పిల్లవాడు రోజుకు ఎన్ని నిమిషాలు నోరు విప్పుతున్నాడని అడిగినవాళ్లు అరుదు.

దీనికి తోడు తెలుగు నాలుక తీరు ఒకటుంది. మన మాటల్లో అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిషులో ఒకదాన్ని నొక్కి మిగతావాటిని మింగేస్తారు, ఆ నొక్కు కూడా కదులుతుంటుంది. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద, 'ఫొటాగ్రఫీ'లో రెండోదాని మీద, 'ఫోటోగ్రాఫిక్'లో మూడోదాని మీద. విన్న వాక్యాన్ని తిరిగి చెప్పే కొత్త టోఫెల్ ప్రశ్నలో నొక్కు ఎక్కడుందో చెవికి అందకపోతే వాక్యమే గుర్తుండదు. అట్టముక్క ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఇద్దరికీ రాకపోతే ఎలా?

అసలైన అభ్యంతరం ఇదే. రూమ్మేటుకూ నాకూ ఇంగ్లిషు రాదు, ఇద్దరం మాట్లాడుకుంటే తప్పులు గట్టిపడవా? భయం సహజమే. మైకేల్ లాంగ్, ప్యాట్రీషియా పోర్టర్ 1985లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించి ఒక మాట చెప్పారు. నేర్చుకునేవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నప్పుడు, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లతో మాట్లాడినప్పటికంటే ఎక్కువ తప్పులేమీ చేయడం లేదు. ఒకరి తప్పు ఇంకొకరికి అంటుకోవడమూ తక్కువే. పైగా ఎక్కువసేపు మాట్లాడుతున్నారు. సరైన మాట పక్కవాడికీ తెలియకపోవచ్చు. కానీ 'ఏంటీ, అర్థం కాలేదు' అని వాడు అన్నప్పుడు ఇంకో దారిలో చెప్పాల్సి వస్తుందే, సాధన అంటే అదే.

ఫోనులో ఏఐతో మాట్లాడుకోవచ్చు కదా అంటారు. మాట్లాడొచ్చు. పల్లెలో ఒంటరిగా చదువుకునేవాళ్లకు, నలుగురిలో నోరు విప్పడానికి సిగ్గుపడేవాళ్లకు అది వరమే. ఒక లోపం మాత్రం ఉంది. ఎంత వంకరగా చెప్పినా అది అర్థం చేసేసుకుంటుంది. మొహం చిట్లించదు, విసుక్కోదు. ప్రొఫెసర్ అలా ఉండడు.

ఇద్దరు కలిసి చేసే సాధన ఎలా ఉండాలో ఒక నమూనా చూద్దాం. ఒకరు విద్యార్థి, ఒకరు ప్రొఫెసర్. అసైన్‌మెంటుకు గడువు పెంచమని అడగాలి. మన పిల్లలు మొదట అనే మాట 'సార్, ఐ వాంట్ ఎక్స్‌టెన్షన్'. వాళ్లకు మర్యాద తెలియదని కాదు. తెలుగులో అయితే 'ఇంకో రెండ్రోజులు ఇస్తారేమో అడుగుదామని వచ్చానండీ' అని చక్కగా నసుగుతారు. మన మెత్తదనం అంతా ఆ 'ఏమో'లో, 'అండీ'లో ఉంది. ఇంగ్లిషులో ఆ పని భూతకాలం చేస్తుంది: 'ఐ వజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ గెట్ టూ మోర్ డేస్'. రెండోసారి పాత్రలు మార్చుకోవాలి. మూడోసారి ప్రొఫెసర్ ససేమిరా అనాలి. ఈ మూడోదే ముఖ్యం. అప్పుడే కారణం చెప్పడం, సగం ఒప్పుకోవడం, ఇంకో మార్గం సూచించడం వస్తాయి. ఆ రోజు జాబితాలోంచి ఇమిడే మాటలు రెండో మూడో అందులో వాడాలి. ఇమడనివి ఆ రోజుకు వదిలేయడమే మంచిది.

మనం ఇంగ్లిషనుకుంటూ వాడే మన మాటలు కూడా ఇక్కడే బయటపడతాయి. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే అమెరికా ప్రొఫెసర్‌కు తన మాట మీద అనుమానమని వినపడుతుంది. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024' అంటే ఆ ఏడాది మూర్ఛపోయానని.

బాక్స్: అట్టముక్కలు వదల్లేకపోతే..

> జర్మన్ భాషలో రాసిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఒక పెట్టె పద్ధతి చెప్పాడు. పెట్టెలో అయిదు అరలు. కొత్త మాట మొదటి అరలో. జవాబు సరిగ్గా వస్తే తర్వాతి అరకు, తప్పితే మళ్లీ మొదటికి. మొదటి అర రోజూ, తర్వాతివి పోనుపోను ఎడంగా చూడాలి. 2006లో వచ్చిన ఆంకీ లాంటి యాప్‌లు చేసేది ఇంచుమించు ఇదే.
>
> చిన్న మార్పు: ముక్క మీద మాట బదులు మాట స్థానంలో ఖాళీ ఉన్న వాక్యం రాయండి. వెనక తెలుగు అర్థంతో పాటు ఆ మాట జంటను కూడా. జవాబు మనసులో కాదు, వాక్యమంతా పైకి చెప్పాలి.

జీఆర్‌ఈయే వద్దంటున్నారుగా!

కరోనా తర్వాత ఎన్నో అమెరికా విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈ అడగడం మానేశాయి. ఇంకెందుకీ తంటా అన్న ప్రశ్న సహేతుకమే. కానీ ఇంగ్లిషు పరీక్ష ఎక్కడికీ పోలేదు. సీటు వచ్చాక దాని అవసరం ఇంకా పెరుగుతుంది. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3.63 లక్షల మంది, ఏ దేశం కంటేనైనా ఎక్కువ. లక్షల అప్పుతో వెళ్లే మధ్యతరగతి కుటుంబానికి టీచింగ్ అసిస్టెంట్‌షిప్ వస్తే ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు, చాలాచోట్ల ఫీజు మాఫీ, పైన నెలనెలా భత్యం. దానికి మాత్రం మాట్లాడటం రావాలి. తరగతిలో బోధించేవాళ్లకు ఇంగ్లిషు బాగా వచ్చో లేదో విశ్వవిద్యాలయం చూసుకోవాలని టెక్సాస్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో ఏకంగా చట్టాలే ఉన్నాయి. అందుకే మొత్తం స్కోరు ఎంతున్నా స్పీకింగ్ స్కోరు విడిగా అడుగుతారు. జీఆర్‌ఈ గణిత విభాగం క్వాంట్‌లో నూటికి నూరు తెచ్చుకున్నా ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోయే పరిస్థితి.

అంతకంటే ముందు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ కిటికీ ఉంది. వీసా ఇంటర్వ్యూ నిమిషాల్లో ముగుస్తుంది. 'వై దిస్ యూనివర్సిటీ' అన్న ప్రశ్నకు కన్సల్టెన్సీ నేర్పిన పేరా అప్పజెప్పేవాళ్లను అధికారి రోజూ చూస్తూనే ఉంటాడు. మధ్యలో ఆపి, 'మీ ప్రాజెక్టు మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పండి' అంటే ఆ పేరా అక్కరకు రాదు. వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేయడంలో తప్పు లేదు, కానీ ఆ కిటికీ ముందు మాట్లాడాల్సింది మనమే.

కోచింగ్ సెంటర్ల వాళ్లు సమయం లేదంటారు, బ్యాచ్‌లో నలభై మంది అంటారు. నలభై మందిని ఇరవై జంటలు చేస్తే పది నిమిషాల్లో అందరూ మాట్లాడతారు. పాఠం చెప్పే సారు ఆ పది నిమిషాలు మౌనంగా ఉండాలి, అంతే. ఫీజు కట్టే ముందు విద్యార్థులు అడగాల్సింది ఎన్ని పదాలు నేర్పుతారని కాదు. గంట క్లాసులో నేను ఎన్ని నిమిషాలు మాట్లాడతానని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే ఆ డబ్బు మిగుల్చుకుని పక్క గది స్నేహితుడితో బేరం కుదుర్చుకోండి. ఫాల్ ప్రవేశాలకు చాలా విశ్వవిద్యాలయాల గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది. టోఫెల్ స్కోరు రెండేళ్లు, జీఆర్‌ఈ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. కాబట్టి చివరి ఏడాది దాకా ఆగక, మూడో ఏడాదిలోనే మొదలుపెట్టండి.